వేలికంటిన ఎరుపు

ఆరింటికి గ్యాలరీ తలుపులు తెరవాలి. హాల్లో గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. ఈలోగా ఫ్రేముల మేస్త్రీ దొంగో కాదో తేలిపోవాలి.

భూతద్దం లోపలికి అడుగుపెట్టేసరికి అక్కడ ఎవరి కాలూ నేల మీద లేదు. ఒకరు నిచ్చెనెక్కి దీపాలు తిప్పుతున్నారు. ఒకరు బొమ్మల కింద పేర్ల చీటీలు అంటిస్తున్నారు. ఇంకొకరు కుర్చీలు వేసి, వరస నచ్చక తీసి, మళ్ళీ వేస్తున్నారు. ఎదురుగా ఉన్న పెద్ద గోడ మాత్రం ఖాళీగా ఉంది. సాయంత్రం వచ్చే జనమంతా ఆ గోడ మీద వేలాడాల్సిన ఒక్క బొమ్మ కోసమే వస్తున్నారు.

భూతద్దం అన్నది ఆవిడకి అత్తగారు పెట్టిన పేరు. బీరువాలో దుప్పటి మడత మారినా, డబ్బాలో రెండు బిస్కెట్లు తగ్గినా ఇట్టే పట్టేస్తుందని ముద్దుగానో విసుగుతోనో పెట్టింది. ఆవిడ ప్రైవేటు డిటెక్టివ్ పనిలో దిగి పన్నెండేళ్ళయింది. ఇప్పుడు కరెంటు బిల్లు తెచ్చేవాడు కూడా భూతద్దంగారిల్లు ఇదేనా అనే అడుగుతాడు. మేస్త్రీ కూతురు రెండున్నరకి ఫోన్ చేసి, మా నాన్నని తీసుకుపోతారట ఆంటీ అని ఏడ్చినప్పుడు ఆవిడ చేతిలో ఉన్న టీ కప్పు అలాగే వదిలేసి బయల్దేరింది. కొత్త కేసంటే ఆవిడకి ఇప్పటికీ మొదటిరోజు బడికెళ్ళే పిల్లకున్నంత హుషారు.

మెట్ల దగ్గర ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు. ఆయన స్వయానా ఆవిడ భర్తకి అన్నగారు. ఇంట్లో భోజనాల దగ్గర ఇద్దరూ ఒకరి మాట ఒకరు జవదాటరు. గడప దాటితే మాత్రం ఒకే ఎముక కోసం వచ్చిన రెండు కుక్కల్లా ఉంటారని ఆవిడ భర్తే అంటుంటాడు.

“వచ్చావా అమ్మాయ్? నిన్నెవరు పిలిచారు?”

“ఎవరు పిలిస్తేనేం బావగారూ. మీరు పట్టుకున్న దొంగని ఒకసారి చూసిపోదామని.”

“చూసి వెళ్ళు. నాలుగున్నరకి జీపెక్కిస్తున్నాను. అతిథులొచ్చే వేళకి ఇక్కడ గొడవ ఉండకూడదని డైరెక్టర్‌గారు అడిగారు.”

“అంటే నాకు గంటా పది నిమిషాలు.”

“నాకు గంటా పది నిమిషాలు. నీకు అవతల గది.”

ఆవిడ నవ్వేసింది. బావగారికి కోపం వస్తే వచ్చింది గాని, కేసు చెప్పకుండా ఆపుకోలేడని ఆవిడకి తెలుసు. రెండు మెట్లు ఎక్కేలోపే ఆయన మొత్తం చెప్పేశాడు.

పోయిన బొమ్మ పేరు ఎర్ర గొడుగు. ముప్పై ఏళ్ళ కిందట ఒకావిడ వేసింది. వేసినావిడ ఇప్పుడు లేదు. ఆవిడ అక్కగారు ఆ బొమ్మని ఇంట్లోనే దాచుకుని, ఎవరడిగినా ఇవ్వకుండా, ఈ గ్యాలరీ డైరెక్టర్ కాళ్ళావేళ్ళా పడితే మొదటిసారి బయటికి ఇచ్చింది. బొమ్మని పెట్టిన చెక్కపెట్టె నిన్న పొద్దున పదిన్నరకి గ్యాలరీకి చేరింది. పై గదిలో పెట్టి తాళం వేశారు. ఇవాళ పదకొండింటికి పత్రికలవాళ్ళ ముందు మరలు విప్పి మూత తీస్తే, పాత నల్ల ఫ్రేము అలాగే ఉంది. ఫ్రేములో బొమ్మ లేదు. తెల్లటి, గీత కూడా పడని కాన్వాస్ ఉంది.

“నిన్న వచ్చిన పెట్టెని నిన్నే ఎందుకు తెరవలేదు?” అని భూతద్దం అడిగింది.

అది వీళ్ళ పద్ధతట. బయటి గాలి వేరు, లోపలి గాలి వేరు. పెట్టె వచ్చిన వెంటనే తెరిస్తే రంగు పెచ్చులుగా లేస్తుంది. అందుకని ఏ గ్యాలరీ అయినా పెట్టెని ఒక పూర్తి రోజు అలాగే వదిలేస్తుంది, లోపల బంగారమున్నా ముట్టుకోరు. ఆ రాత్రి తాళం చెవులు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఒకటి డైరెక్టర్ దగ్గర, రెండోది మేస్త్రీ దగ్గర. డైరెక్టర్ అయిదింటికి వెళ్ళి పదిమంది మధ్య విందులో కూర్చున్నాడు. మేస్త్రీ తొమ్మిదిదాకా పైన ఒక్కడే ఫ్రేములు కొట్టుకుంటూ కూర్చున్నాడు. చెక్కా, కాన్వాసూ, ఉలీ, సుత్తీ అన్నీ ఆయన దగ్గరే.

“ఇంకేం కావాలి నీకు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“బొమ్మ కావాలి,” అంది ఆవిడ.

మూడూ నలభైకి ఆవిడ డైరెక్టర్ ముందు కూర్చుంది. ఆయన నలభై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా. పుట్టి మునిగినవాడి మొహం పెట్టుకున్నాడు గాని, చేతులు మాత్రం బల్లమీది కరపత్రాలని చక్కగా సర్దుతూనే ఉన్నాయి. బొమ్మ పోయినా ప్రదర్శన ఆగదని, ఆ ఖాళీ గోడని చూడటానికి ఇప్పుడు రెట్టింపు జనం వస్తారని చెప్పాడు. చెబుతుంటే ఆయన గొంతులో హుషారు ఆగలేదు. భూతద్దం ఒక కరపత్రం తీసుకుంది. రాబోయే కార్యక్రమాలన్నీ అందులో ఉన్నాయి. ఇవాళ ఎర్ర గొడుగు. వచ్చే ఆదివారం ఆ బొమ్మ చూసి పిల్లలు సొంతంగా వేసుకునే శిక్షణ శిబిరం. నెలాఖరున ఫ్రేముల మేస్త్రీ కూతురి మొట్టమొదటి ప్రదర్శన, ముందు సరిహద్దు అవతలి గ్యాలరీలో, తరవాత ఇక్కడ. మొదటి పేజీ నిండా ఎర్ర గొడుగు ఫోటో. వానలో నడిచిపోతున్న ఒకావిడ వీపు, నెత్తిన రగిలిపోతున్నట్టున్న గొడుగు.

కరపత్రం ప్రెస్సు నుంచి ఎప్పుడొచ్చిందని అడిగితే పోయిన శనివారం అన్నాడు. పెట్టె ఇవాళ తెరిచేదాకా మీరు బొమ్మని చూశారా అంటే, ఎక్కడండీ, వాళ్ళింట్లో చూడటమే, పదిహేను రోజులుగా పెట్టెలో బిగించి రవాణా కంపెనీ గోదాములో ఉంది అన్నాడు. మరి ఫోటో?

“పాతది. పెద్దావిడ దగ్గర ఉంటే తీసుకున్నాం.”

ఆ పెద్దావిడ, బొమ్మ వేసినావిడ అక్కగారు, కింద హాల్లో ఖాళీ గోడకి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఆ గోడనే చూస్తోంది. భూతద్దం పక్కన కూర్చోగానే, నా చెల్లెలి గుర్తుగా మిగిలింది అదొక్కటే తల్లీ అంది. ఫోటో సంగతి అడిగితే ఆవిడ తల అడ్డంగా ఊపింది. తీశారు ఒకప్పుడు, నలుపూ తెలుపూలో. రంగుల ఫోటో తమ ఇంట్లో ఎప్పుడూ లేదు. ఫ్రేము పురుగు తిన్న నల్లదే, చెల్లెలు బతికుండగా వేయించింది. కొత్తది ఇక్కడ వేయిస్తామని డైరెక్టర్ చెప్పాడట.

భూతద్దం చేతిలోని కరపత్రం చూసుకుంది. అందులో బొమ్మ చుట్టూ ఉన్న ఫ్రేము నల్లది కాదు. మెట్లు రెండేసి ఎక్కి పై గదికి పరుగెత్తింది.

మేస్త్రీ అక్కడ కానిస్టేబుల్ పక్కన బల్లమీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, వేళ్ళనిండా వార్నిష్ మరకలు. ఆయన అడిగింది ఒక్కటే. తన సంగతి ఎలా పోయినా పోనీ, అమ్మాయి ప్రదర్శన ఆగకుండా చూడమన్నాడు. దొంగ కూతురి బొమ్మలు ఏ గోడ మీదా వేలాడవని ఆయనకి బాగా తెలుసు. ఆరేళ్ళు ఆ పిల్ల రంగులు కొనుక్కోవడానికి ఈయన ఎన్ని ఆదివారాలు ఇక్కడే గడిపాడో గ్యాలరీలో అందరికీ తెలుసు.

పెట్టె గోడకి జేరేసి ఉంది. భూతద్దం ఆ తెల్ల కాన్వాస్‌ని తిప్పి వెనక చూసింది. కాన్వాస్ బిగువు కోసం నాలుగు మూలలా చిన్న చెక్క మేకులు దిగ్గొట్టి ఉన్నాయి. ఒకటి ఊడి కింద పడింది. ఆవిడ చుట్టూ గోడకి ఆనించి ఉన్న మేస్త్రీ పనులన్నీ తిప్పి చూసింది. ప్రతి కాన్వాస్‌కీ ఆ మేకులు ఊడిపోకుండా సన్నటి దారంతో కట్టి ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పలేదు.

“ఈ దారం మీరే కడతారా?”

“మా మేనమామ నేర్పిందమ్మా. మేకు ఊడి బొమ్మకీ చెక్కకీ మధ్య పడితే రంగు ఉబ్బిపోతుంది.”

వెనకాల వచ్చి నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ పెద్దగా నవ్వాడు. “దొంగతనానికొచ్చినవాడు కూర్చుని దారాలు కడతాడా?”

“మీరు ఎంత కంగారులో ఉన్నా పెన్ను జేబులో పెట్టేముందు మూత రెండుసార్లు నొక్కుతారు బావగారూ. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.”

ఇన్‌స్పెక్టర్ తెలియకుండానే జేబు తడుముకున్నాడు. కోర్టులో దారం చూపించి గెలవమని చెప్పి విసవిసా వెళ్ళిపోయాడు. ఆ మాటలో నిజముందని ఆవిడకీ తెలుసు. కరపత్రం మేస్త్రీ ముందు పెట్టి, ఫోటోలో బొమ్మ చుట్టూ ఉన్న ఫ్రేము ఎవరిదని అడిగింది.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు. తనదే అన్నాడు. కుడివైపు కింది మూలలో చెక్కకి కన్నులాంటి ముడి ఉంది, దాన్ని చెక్కేయకుండా ఉంచినందుకు డైరెక్టర్‌తో మాటపడ్డాడు కూడా. కిందటి గురువారం ఇచ్చేశాడు. పెట్టె తెరిచాక బొమ్మకి తొడగాలని డైరెక్టర్ తన గది అలమరలో పెట్టుకున్నాడు. చెబుతూ చెబుతూ మేస్త్రీ ఆగిపోయాడు. ఇంకా తొడగని ఫ్రేము ఫోటోలోకి ఎలా వచ్చిందని అప్పుడు తోచింది ఆయనకి.

నాలుగూ అయిదు. డైరెక్టర్ హాల్లో మైకు సరిచూస్తున్నాడు. కింద నుంచి హలో హలో వినిపిస్తూనే ఉంది. ఆ రెండు హలోల మధ్య భూతద్దం ఆయన గదిలో దూరి అలమర తీసింది. ముడి ఉన్న ఫ్రేము పాత గుడ్డలో చుట్టి ఉంది. కంప్యూటర్లో అతికించామని ఆయన అంటాడు, అది ఆవిడకి తెలుసు. అందుకని ఫ్రేము లోపలి అంచు, బొమ్మ ఆనే చోటు, వేలితో నెమ్మదిగా రాసింది. వేలు ఎర్రగా వచ్చింది.

ఇంతవరకూ ఏ బొమ్మకీ తొడగని ఫ్రేము లోపల ఎర్రరంగు. ఆవిడకి ఆ గదిలోనే గెంతాలనిపించింది. ముప్పై ఎనిమిదేళ్ళ ఆడది గెంతితే బాగుండదని వేలు రుమాల్లో చుట్టుకుని బయటికొచ్చింది. ఆ సంబరమే ఆవిడ కొంప ముంచింది. వేలికి రంగు ఎందుకంటిందో అప్పుడే ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే, తరవాత అంతమంది ముందు తెల్లమొహం వేయాల్సిన పని ఉండేది కాదు.

దొంగతనం జరిగిన ఇంట్లోంచి ఏం బయటికి పోతోందో చూడటం ఆవిడ మొదటి అలవాటు. వెనక గుమ్మం దగ్గర లారీ నిలబడి ఉంది. మేస్త్రీ కూతురి పదకొండు బొమ్మలు సరిహద్దు దాటడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇరవై నాలుగేళ్ళ ఆ పిల్ల కళ్ళు వాచిపోయి, నాన్నని వదిలి వెళ్ళనంటే వెళ్ళనని మొండికేస్తోంది. నువ్వు రాకపోయినా బొమ్మలు వెళ్ళాలి, గ్యాలరీ మాట పోతుందని డైరెక్టర్ ఫోన్లో పదిసార్లు చెప్పాడట. లారీ కదిలేది నాలుగున్నరకి.

ఇద్దరు కూలీలు అన్నిటికంటే పెద్ద బొమ్మని ఎత్తుతూ, లోపలికి తెచ్చినప్పుడు ఇంత బరువు లేదే అని గొణుక్కున్నారు. భూతద్దం దించమంది. బొమ్మ వెనకంతా మందపాటి అట్ట వేసి ఉంది. చెమ్మ తగలకుండా డైరెక్టర్‌గారే దగ్గరుండి వేయించారని పిల్ల చెప్పింది. ఆవిడ అట్ట అంచు పట్టుకుని లాగింది.

అట్ట వెనక వాన కురుస్తోంది. వానలో ఎర్ర గొడుగు.

గుమ్మం దగ్గర జనం పోగయ్యారు. ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, డైరెక్టర్ వచ్చాడు, కానిస్టేబుల్ వెంట మేస్త్రీ వచ్చాడు, అందరి వెనకా పెద్దావిడ. ఇన్‌స్పెక్టర్ బొమ్మని చూసి, పిల్లని చూసి, మెల్లగా తలూపాడు. తండ్రి తీశాడు, కూతురు దాటిస్తోంది. ఇద్దరినీ ఎక్కించమన్నాడు.

మేస్త్రీ బొమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. వాన గీతల మీద ఆయన చూపు ఆగిపోయింది.

“నేనే చేశాను,” అన్నాడు. “అమ్మాయికి ఏమీ తెలీదు.”

“నాన్నా!”

“నువ్వు మాట్లాడకు.”

అరగంట కిందట బల్లమీద కూర్చుని దారం సంగతి నిదానంగా చెప్పిన మనిషి ఇప్పుడు చేతులు చాపి నిలబడ్డాడు. భూతద్దం బొమ్మని ఊడదీసి వెనక్కి తిప్పి, నాలుగు మూలలూ ఆయనకి చూపించింది. మీరే బిగించి ఉంటే మేకులకి దారం ఏది మేస్త్రీగారూ అని అడిగింది. ఆవిడ కరపత్రం తీసి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది. పదిహేను రోజులుగా బొమ్మ పెట్టెలో ఉందన్నారు, గురువారం నుంచి ఫ్రేము అలమరలో ఉందన్నారు, శనివారం వచ్చిన కాగితంలో రెండూ కలిసి ఎలా ఫోటో దిగాయని అడిగింది. అలమరలో ఫ్రేము తెప్పించి, ఎర్రబడ్డ లోపలి అంచు చూపించి, రుమాలు విప్పి తన వేలు చూపించింది.

“పాత ఫ్రేముతో ఫోటో వేయడానికి ఈయనకి మనసొప్పలేదు బావగారూ. అందంగా కనపడాలని కొత్తది తొడిగి తీయించాడు. పెట్టె వచ్చేసరికే అందులో బొమ్మ లేదు. ఒక రోజు వరకూ ఎవరూ మూత ముట్టుకోరని తెలుసు, ఆ రాత్రి మేస్త్రీ పైన ఒక్కడే ఉంటాడనీ తెలుసు.”

ఇన్‌స్పెక్టర్ కరపత్రాన్నీ ఫ్రేమునీ రెండుసార్లు మార్చి మార్చి చూశాడు. తరవాత ఏమీ మాట్లాడకుండా వెళ్ళి డైరెక్టర్ భుజం మీద చెయ్యి వేశాడు. పన్నెండేళ్ళలో బావగారు మాటలేకుండా ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. భూతద్దానికి నవ్వు ఆగలేదు.

అప్పటికి పెద్దావిడ బొమ్మ దగ్గరికొచ్చింది. చెల్లెలిని తడిమినట్టు గొడుగు మీద చెయ్యి పెట్టబోయి, ముక్కు చిట్లించింది.

“ఇదేంటమ్మా, పచ్చిరంగు వాసన?”

భూతద్దం నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. తన వేలు చూసుకుంది. ముప్పై ఏళ్ళ కిందట ఆరిన రంగు వేలికి అంటదు. గొడుగు అంచున మందంగా ఉన్న చోట గోరుతో నొక్కింది. మెత్తగా దిగింది.

ఇది అసలు ఎర్ర గొడుగు కాదు. ఫ్రేముకి పచ్చిరంగు అంటిందంటే ఫోటోలో ఉన్నదీ అసలుది కాదు. వారం రోజులుగా ఊరంతా నకలుని చూసి మురిసిపోతోంది.

ఆవిడ గబుక్కున మేస్త్రీ వైపు తిరిగింది. ఇందాక ఆయన ఈ బొమ్మని చూసిన చూపు పోయిన సొత్తుని చూసిన చూపు కాదు. పిల్లల చేతిరాతని తల్లిదండ్రులు అలా చూస్తారు. ఆ వాన గీతలు ఎవరివో ఆయన మొదటి క్షణంలోనే పోల్చుకున్నాడు. అందుకే ఒప్పుకున్నాడు.

“ఇది నువ్వు వేశావా?” అని ఆవిడ పిల్లని అడిగింది.

పిల్ల తండ్రిని చూసి, అబద్ధం చెప్పడం చేతకాక, అవునంది. పిల్లల శిబిరంలో నమూనాకి కావాలని డైరెక్టర్‌గారు అడిగారు, అసలు బొమ్మని వారం రోజులు తన ముందు పెట్టారు, కాన్వాసులు కూడా ఆయనే తెచ్చిచ్చారు. అంత గొప్ప బొమ్మ ఎదురుగా కూర్చుని వేయడమంటే ఎవరికైనా పండగే కదా అంది. నాన్నకి చెప్పకు, నెలాఖరున చూసి ఆశ్చర్యపోతాడని ఆయన అంటే చెప్పలేదట.

భూతద్దానికి లెక్క ఒక్కసారిగా తేలిపోయింది. పత్రికలవాళ్ళ ముందు పెట్టె ఎందుకు తెరిచాడో ఇప్పుడు అర్థమైంది. బొమ్మ పోయిందని నలుగురికీ తెలిస్తేనే, దొంగసొత్తు కొనేవాడు తన చేతికొచ్చింది అసలుదని నమ్ముతాడు. మోసపోయానని తెలిసినా పోలీసుల దగ్గరికి వెళ్ళలేడు. అలాంటి కొనేవాడు ఒక్కడే ఉండాలని కూడా లేదు.

“ఎన్ని వేశావమ్మా?”

“మూడు ఆంటీ.”

“మిగతా రెండూ?”

“పొద్దున తొమ్మిదింటికే వెళ్ళిపోయాయి. ఒక పెట్టె కొంచెం పెద్దది, ఇంకో బొమ్మ పట్టేంత, అందులో ఏముందో నేను చూడలేదు.” పిల్ల తండ్రి దగ్గరికి జరిగింది. “పంపించేవాళ్ళ పేరు దగ్గర మూడు రవాణా కాగితాల మీదా నాచేతే సంతకం పెట్టించారు.”

డైరెక్టర్ ఆ సాయంత్రం మొదటిసారి హాయిగా నవ్వాడు. మేస్త్రీ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి డైరెక్టర్ భుజం మీద నుంచి మెల్లగా కిందికి జారింది, ఆయన పిల్ల వైపు తిరిగాడు.